మండువా లోగిలి మరమ్మతు: కప్పు కారుతోంది, గోడలు పెచ్చులూడుతున్నాయి, స్లాబ్ వేయమంటున్నారు

విభాగం: పాత ఇళ్ళు, కట్టుబడి, మరమ్మతులు

కోనసీమ_కొబ్బరి

అందరికీ నమస్కారం. ఇంటి వివరాలు ఇవీ. 50 అడుగులు × 40 అడుగుల పెంకుటిల్లు, నడుమ 12 × 10 అడుగుల మండువా (పైకప్పు లేని చోటు, చుట్టూ ఉన్న లోపలి వాలుల నీళ్ళు ఇందులోకే పడతాయి). గోడలు 18 అంగుళాల ఇటుక, సున్నంతో కట్టినవి. మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు. వాసాలు సగం టేకు, సగం తాడి. పైన బంగళా పెంకు (మంగళూరు పెంకు), కప్పు వాలు సుమారు 30 డిగ్రీలు.

నాలుగు మండువా మూలల్లో మూడు కారుతున్నాయి. అక్కడ సిమెంటు పూసినా నిలవలేదు. గోడలు కింద మూడడుగుల మేర పెచ్చులూడి ఉప్పు పూస్తున్నాయి, ఆ భాగమంతా తర్వాత వేసిన సిమెంటు పూతే. ఒక దూలం గోడలోకి దిగేచోట మెత్తబడింది. గట్టి వాన పడితే మండువా నిండి పంచలోకి నీళ్ళొస్తున్నాయి.

మేస్త్రి గారి సలహా: పెంకు దింపేసి స్లాబ్, మండువా మీద రేకు. ఇల్లు ఇల్లుగానే ఉండాలంటే ఏది ముందు చేయాలి, ఎంత సరుకు పడుతుంది?

పెంకుల_లెక్క

ముందు పెంకు లెక్క. మొత్తం 2000 చదరపు అడుగుల్లో మండువా 120 తీసేస్తే 1880, అంటే 175 చదరపు మీటర్లు. ఇది నేల కొలత. వాలు 30 డిగ్రీలు కాబట్టి 0.866తో భాగిస్తే కప్పు అసలు వైశాల్యం 202 చ.మీ. చూరు గోడ దాటి ముందుకొచ్చిన మేర దీనికి అదనం, కొలిచి కలుపుకోండి. బంగళా పెంకు చదరపు మీటరుకి సుమారు 15 పడుతుంది. అంటే 3030. మీ ఇంటి పెంకులో ఎక్కువ భాగం మళ్ళీ వాడుకోవచ్చు, దించేటప్పుడు పగిలేది, ముందే బీటలిచ్చింది కలిపి పదిహేను శాతం పోతుందనుకుంటే 450 కొత్తవి చాలు.

కొత్తవి కొనేముందు పాత పెంకు ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళండి. బంగళా పెంకులన్నీ ఒకే కొలతలో రావు. 410 × 235 మిల్లీమీటర్లది ఒకటి, 420 × 250ది ఒకటి, 425 × 260ది ఇంకొకటి. కొలతలు కలిపితే గాళ్ళు ఒకదాన్లో ఒకటి కూర్చోవు, వాన గాలితో కలిసి వచ్చినప్పుడు ఆ సందుల్లోంచే లోపలికి ఎక్కుతుంది. కొత్తవాటినీ పాతవాటినీ ఒకే వాలు మీద కలపకండి. పాతవన్నీ ఏరి మూడు వాలులు నింపేసి, కొత్తవి ఒక పెరటి వాలుకి పెట్టుకుంటే గొడవుండదు.

మంచి పెంకు గోరుతో కొడితే ఖంగుమంటుంది. మొద్దుగా మోగితే బీట ఉన్నట్టు, లేదా సరిగ్గా కాలనట్టు. నీళ్ళల్లో ఒక రోజంతా ఉంచి, ముందూ తర్వాతా తూకం వేసి చూడండి. బరువు అయిదోవంతుకు మించి పెరిగిందంటే దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు జబ్బు, మూలలు. కప్పు వాలు 30 డిగ్రీలు ఉన్నా, రెండు వాలులు కలిసే మూల దోనె వాలు 30 ఉండదు, 22 డిగ్రీలే ఉంటుంది. కప్పు మొత్తంలో అన్నిటికంటే తక్కువ వాలు ఉన్న గీత మీదికి అన్నిటికంటే ఎక్కువ నీళ్ళు వస్తాయన్నమాట. మండువా ఇంటికి ఇలాంటివి నాలుగు. బయటి మూలల్లో రెండు వాలులూ నీటిని చెరోపక్కకి విడగొడతాయి కాబట్టి అక్కడ ఈ బెడద లేదు.

సిమెంటు ఎందుకు నిలవదంటే, కింద ఉన్న మూలవాసం ఎండకీ వానకీ కదులుతుంది, సిమెంటు కదలదు. మొదటి ఎండాకాలానికే వెంట్రుకంత బీట వస్తుంది. ఆ బీటలోకి దిగిన నీరు బయటికి రాలేక నేరుగా కర్రలోకే పోతుంది. కారడం ఆగినట్టు కనిపించిన ఏడాదే మూలవాసం పుచ్చడం మొదలవుతుంది.

చేయాల్సింది: రెండు పక్కలా మూడేసి వరసల పెంకు దింపండి. సిమెంటంతా తీసేసి మూలవాసం చూడండి. గట్టిగా ఉంటే దాని మీద ఇరుపక్కలా తొమ్మిదేసి అంగుళాల చెక్క పరిచి, 24 గేజి జింకు పూత రేకుని నడుమ మడత వచ్చేలా వేయాలి. రేకు వెడల్పు రెండడుగులకు తగ్గకూడదు. పెంకుల కిందికి ఇరుపక్కలా కనీసం ఆరంగుళాలు పోవాలి, అంచులు ముప్పావు అంగుళం పైకి మడిచి ఉండాలి. ఆ చిన్న మడత లేకపోతే గాలి నీటిని పక్కకి తోసి వాసాల మీదికి ఎక్కిస్తుంది. రేకు ముక్కలు పైది కింది దాని మీద ఆరంగుళాలు ఎక్కాలి, మేకులు అంచుల్లోనే ఉండాలి, నడుమ ఒక్క మేకు కూడా వద్దు. నడుమ నాలుగంగుళాల దారి తెరిచి ఉండేలా పెంకు ఏటవాలుగా కోయాలి. దారి సన్నగా ఉంటే కొబ్బరి ఈనెలు, ఆకులు అడ్డుపడి నీరు పెంకుల కిందికి తన్నుతుంది.

అల్యూమినియం రేకు చవకని వేయకండి. తడి సున్నం తగిలినచోట అది చిల్లులు పడిపోతుంది. జింకుకీ సున్నం పడదు కాబట్టి, రేకు అంచుల్ని సున్నంలో పాతిపెట్టకుండా పొడిగానే వదలండి.

సివిల్_సైటు

మేస్త్రి గారి స్లాబ్ మాటని ఊరికే కొట్టిపారేయకుండా లెక్క చూద్దాం. అయిదు అంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి 310 కిలోలు, పైన పూత, వాటర్‌ప్రూఫింగ్ కలిపితే 400 దాటుతుంది. బంగళా పెంకు 35 నుంచి 40 కిలోలు, వాసాలు, రీపర్లు (పెంకు కూర్చునే సన్న కర్రలు) కలిపినా అరవై లోపే. 18 అంగుళాల ఇటుక గోడ ఆ నిలువు బరువు మోయగలదు, చిక్కు అక్కడ లేదు.

చిక్కు మూడు చోట్ల. ఒకటి, మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలు స్లాబ్ అంచుని మోయలేవు, అక్కడ కాంక్రీటు స్తంభాలు లేపాలి, వాటికి వేరే పునాదులు తవ్వాలి. రెండు, ఎండకి స్లాబ్ వ్యాకోచించి గోడ పైవరసల్ని బయటికి నెడుతుంది. సున్నం కట్టుబడిలో అది పైకప్పుకి ఒకటి రెండు అడుగుల కింద అడ్డబీటగా కనిపిస్తుంది. మూడు, కప్పు బరువు ఏడింతలైతే పునాది కింద నల్లమట్టి ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒండ్రు నేలలో గోడలు సమంగా దిగవు.

ఇంత చేశాక మిగిలేది పాత గోడలున్న కొత్త ఇల్లు. ఖర్చు కూడా పెంకు మరమ్మతుకి రెండు మూడింతలు అవుతుంది.

సున్నం_గానుగ

గోడల సంగతి నేను చెప్తాను. పెచ్చులూడటానికి కారణం కింద నేల, పైన సిమెంటు, రెండూ.

నేలలోని నీరు ఇటుకలోంచి పైకి పాకుతుంది. సున్నం పూత ఉంటే ఆ చెమ్మ గోడ ముఖం మీదుగా ఆవిరైపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకి పాకి, సిమెంటు అయిపోయిన చోటో, బీట దొరికిన చోటో బయటపడుతుంది. నీరు ఆవిరైనా దాంతో వచ్చిన ఉప్పు పోదు, పూత వెనకే గడ్డకట్టి పూతని బయటికి నెడుతుంది. పెచ్చు ఊడిన చోట తెల్లగా పూసేది ఆ ఉప్పే. అక్కడ మళ్ళీ సిమెంటు పూస్తే ఈసారి నాలుగడుగుల ఎత్తులో ఊడుతుంది.

కాబట్టి ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ఇంటి ముందు రోడ్డు పొర మీద పొర వేసి ఎంత ఎత్తు పెరిగిందో కొలవండి. వీధి అరుగు మెట్లు ఎన్ని పూడిపోయాయో చూస్తే చాలు, తెలిసిపోతుంది. గోడ చుట్టూ సిమెంటు గచ్చు పోసి ఉంటే దాన్ని గోడ నుంచి ఒక అడుగు మేర పగలగొట్టండి. ఆ అడుగు వెడల్పులో అడుగున్నర లోతు కాలవ తీసి, చిల్లుల పైపు వేసి, పైన కంకర నింపండి. పునాది అడుగుకన్నా లోతుకి మాత్రం పోకూడదు, పునాది కింది మట్టి జారుతుంది. పైన నేల గోడకి ఎదురుగా కాకుండా బయటికి వాలాలి, నలభైకి ఒకటి చొప్పున.

తర్వాత సిమెంటు పూతని చెమ్మ గీతకి అడుగున్నర పైదాకా చెక్కేయండి. సుత్తితో బాదితే ఇటుక మూలలు పోతాయి, సన్న ఉలితో కీళ్ళ వెంట రావాలి. కీళ్ళలోని పాడైన సున్నం ముప్పావు అంగుళం లోతు గీకేసి గోడని ఒక ఎండాకాలం అలాగే వదలండి. ఉప్పు పొడి కుంచెతోనే దులపాలి, నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికి పోతుంది. మరీ ఎక్కువ ఉంటే బంకమట్టి, సన్న ఇసుక, నానబెట్టిన కాగితం గుజ్జు కలిపి ముప్పావు అంగుళం మందాన తడిగా మెత్తండి. అది ఆరుతూ ఉప్పుని తనలోకి లాక్కుంటుంది. పూర్తిగా ఎండి దానంతట అది బీటలిచ్చాక ఊడదీసి దూరంగా పారేయండి. రెండు మూడు సార్లు చేస్తే తేడా కనిపిస్తుంది.

పూతకి సరుకు: నాలుగున్నర అడుగుల ఎత్తు, 150 అడుగుల గోడ అనుకుంటే సుమారు 63 చ.మీ. అర అంగుళం మందానికి, వృథా కలుపుకుని, ఇసుక ఒక ఘనమీటరుకి కాస్త తక్కువ, ముద్ద సున్నం మూడు వందల లీటర్లు. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోనే సున్నం సర్దుకుంటుంది కాబట్టి కలిపాక మొత్తం పరిమాణం ఇసుకంతే ఉంటుంది, పెరగదు. చెమ్మ పూర్తిగా పోని గోడలకి ఇసుకలో మూడోవంతు తీసేసి ఆ మేరకి బాగా కాలిన ఇటుక పొడి కలపండి, తడిలో కూడా గట్టిపడుతుంది. ఇటుక పొడి కోసం ఎక్కువ మాడిన నల్ల ఇటుక వాడొద్దు. అది సున్నంతో కలవదు.

మిద్దె_మీద

సున్నం సంచుల్లో దొరికేదే వాడొచ్చా? లేక రాయి తెచ్చి ఉడికించాలా?

సున్నం_గానుగ

సంచి సున్నం ఎంత కాలం గాలి తగిలి ఉందో తెలియదు, గాలికి సగం తిరిగి సుద్దగా మారిపోయి ఉండొచ్చు. కాలిన రాయి గానీ గుల్ల గానీ తాజాగా తెచ్చి ఉడికించుకోవడమే మేలు. తొట్టిలో ముందు నీళ్ళుండాలి, వాటిలోకి సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి ముఖం మీదికి చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా కూలీల్ని ఆ పనిలో పెట్టకండి.

ఉడికాక జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిచేలా మూతపెట్టి ఉంచండి. రెండు వారాలు కనీసం, రెండు నెలలు అయితే ఇంకా మంచిది. ఉడకని చిన్న పలుకులు గోడెక్కాక ఉడికితే పూత మీద పొక్కులు లేచి బొత్తాలంత గుంటలు పడతాయి. కొత్త సున్నం పూతలో కనిపించే గుంటల్లో చాలావాటికి ఇదే కారణం.

భారతీయ ప్రమాణం 712 ప్రకారం సున్నం తరగతులున్నాయి. ‘సి’ అంటే తెల్లటి మెత్త సున్నం, పూతకి, వెల్లకి బావుంటుంది. ‘ఎ’, ‘బి’ తడిలోనూ గట్టిపడతాయి, కట్టుబడికి అవి మేలు. కొనేటప్పుడు తరగతి అడగండి, తెల్లదనం చూసి మోసపోకండి.

ఓరుగల్లు_అర్ర

కోనసీమ అన్నకి ఇంకో మాట. మా దిక్కు భవంతి ఇళ్ళల్లో కూడా ఇదే లెక్క, నడుమ ఖాళీ, నాలుగు దిక్కుల సాయమాను, లోపటికి వాలు. ఎక్కువ ఇళ్ళకి గూన పెంకే. గడీల గోడలకి డంగు సున్నం వాడేటోళ్ళు. గుండ్రటి కాలవల రాతి చక్రం ఎద్దుతోని తిప్పించి సున్నం, ఇసుక కలిపి నూరేది. నూరితే ఇసుక రేణువు చుట్టూ సున్నం పట్టుకుంటది, నీళ్ళు తక్కువ పడ్తయి, బీటలు తక్కువైతయి. ఎద్దు లేకుంటే ఏం కాదు, పిండి రుబ్బినట్టు రెండు రాతి చక్రాలు తిరిగే మోర్టార్ మిక్సర్ దొరుకుతది. కాంక్రీటు మిక్సర్ల మాత్రం కలపకుండ్రి. అది తిప్పుతది తప్ప నూరదు.

గూన పెంకు ఇల్లున్నోళ్ళకి ఒక సంగతి. బంగళా పెంకు గాళ్ళల్ల కూసుంటది, గూన పెంకు ఊరికే ఒకదాని మీద ఒకటి ఉంటది. కోతి ఉరికితే జరుగుతది. ఏటా వానలకి ముందు తిరగేయాల్సిందే. బరువు కూడా బంగళా పెంకు కన్నా ఎక్కువే. అందుకే గూన పెంకు తీసి బంగళా పెంకు ఏస్తే వాసాలకి సుఖమే, కానీ రీపర్లు మొత్తం మార్చాలె, ఎందుకంటే బంగళా పెంకుకి రీపర్ల మధ్య దూరం 320 మిల్లీమీటర్ల లెక్కన సమానంగ ఉండాలె. రెండు రీపర్లకి ఒక వేలెడు తేడా వచ్చినా పై వరస లేస్తది.

వడ్రంగి_వాడ

మెత్తబడిన దూలం కొన. ఇది ఆలస్యం చేయొద్దు.

ముందు ఎంత దూరం పోయిందో చూడండి. సన్నటి ఆర తీసుకుని గోడ దగ్గర్నుంచి అంగుళం అంగుళం గుచ్చుకుంటూ రండి. కాలంగుళం కంటే తేలిగ్గా దిగకుండా ఆగిన చోటు నుంచి ఇంకో అడుగు వదిలి అక్కడ కోత పెట్టాలి. సుత్తితో కొడితే డొల్ల శబ్దం వచ్చేచోట లోపల చెద ఉన్నట్టు. పైకి రంగు బాగుందని నమ్మకండి. పిండి రాలితే పుచ్చుపురుగు, మట్టి గొట్టాలుంటే చెద. రెంటికీ వైద్యం వేరు.

కోసేముందు దూలాన్ని పైకెత్తాలి. కోత పెట్టే చోటు దాటాక, గట్టి కర్ర ఉన్నచోట కింద మందపాటి పలక, దాని మీద స్క్రూ జాకీ, జాకీ మీద గుంజ, గుంజకీ దూలానికీ మధ్య మెత్తటి చెక్క. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లకి మించి ఎత్తొద్దు. ఒక్కరోజులో లేపితే పైన పెంకు వరసలన్నీ విరిగిపోతాయి, ఎదుటి గోడలో బీటలొస్తాయి. హైడ్రాలిక్ జాకీ మీద రాత్రంతా బరువు వదలకండి, మెల్లగా దిగిపోతుంది.

అతుకు ఏటవాలుగా కోయాలి. దూలం లోతు తొమ్మిదంగుళాలైతే అతుకు పొడవు మూడడుగులు. రెండు పక్కలా ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప పట్టీలు, ఆరు బోల్టులు, ఒక్కోటి 12 మి.మీ. బోల్టులన్నీ ఒకే గీత మీద వేస్తే ఆ గీత వెంటే కర్ర చీలుతుంది, పైకీ కిందికీ మార్చి మార్చి వేయండి. దూలం మధ్యలో ఉండే వంగుడు ఒత్తిడి గోడ దగ్గర ఉండదు కాబట్టి కొనలో అతుకు నిలుస్తుంది. నడుమ అతుకు వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అక్కడ దూలం మార్చాల్సిందే.

అసలు కొన ఎందుకు మెత్తబడింది? గోడలో పెట్టి చుట్టూ సిమెంటు కూరి ఉంటారు. కొత్త కొన పెట్టేటప్పుడు చుట్టూ అంగుళం ఖాళీ వదిలి, కింద రాతి దిమ్మ పెట్టి, గోడ బయటివైపు గాలి తగిలేలా చిన్న రంధ్రం పెట్టండి, దానికి జాలీ వేయండి. కర్ర గాలి పీలుస్తూ ఉంటే వందేళ్ళు ఉంటుంది.

తాడి వాసాల విషయం వేరు. తాడికి చేవ బయటివైపు ఉంటుంది, నడుమంతా మెత్తటి గుజ్జు. ముదురు చెట్టు చీల్చిన వాసంలో నల్లటి నారలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. లేత దానిలో నారలు పలచగా ఉంటాయి, అది అయిదారేళ్ళకే వంగుతుంది. మేకు నేరుగా కొడితే చీలుతుంది, ముందు బెజ్జం వేయాలి.

పుచ్చుకి బోరాక్స్ మూడు వంతులు, బోరిక్ యాసిడ్ రెండు వంతులు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, నూటికి పది పాళ్ళ ద్రావణం చేసి మూడు సార్లు పూయండి. ఇది నీళ్ళకి కొట్టుకుపోతుంది కాబట్టి లోపలి కర్రకే. బయటి చూరు కర్రకీ గోడలోకి దిగే కొనకీ జీడిపిక్క తొక్క నూనె పూస్తారు, చెద దరికి రాదు. అది చేతి మీద పడితే పొక్కులు లేస్తాయి, జాగ్రత్త.

ఓరుగల్లు_అర్ర

వడ్రంగి గారు, టేకు స్తంభం అడుగు మెత్తబడితే?

వడ్రంగి_వాడ

స్తంభం కింద రాతి పీట ఉండాలి. ఆ పీటని గచ్చులో పూడ్చేసి ఉంటారు, అందుకే నీరు ఎక్కుతుంది. పాడైన మేర కోసేసి అంత ఎత్తు రాయి పెంచండి. కర్రతో కర్ర అతకడం కంటే అదే మంచిది. స్తంభం అడుగున కుసి (రాతిలో దిగేలా చెక్కిన మొన) ఉంటే రాతిలో బెజ్జం తొలిచి కూర్చోబెట్టాలి, ఆ బెజ్జానికి పక్కనుంచి నీరు పోయే సన్న గాడి తీయడం మరవొద్దు.

పెంకుల_లెక్క

మండువా నిండిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. లోపలి వాలులు, మండువా కలిపి సుమారు వంద చదరపు మీటర్ల నీరు లోపల పడుతుందనుకోండి. గంటకి 50 మి.మీ. వాన అయితే 5000 లీటర్లు, అంటే సెకనుకి ఒకటిన్నర లీటరు లోపే. నాలుగంగుళాల తూము, అరవైకి ఒకటి వాలు ఉంటే సెకనుకి ఆరు లీటర్లు పైనే లాగుతుంది. కాబట్టి తూము చిన్నదై నిండటం లేదు, పూడిపోయి నిండుతోంది. లేదా రోడ్డుతో పాటు బయటి కాలవ కూడా ఎత్తు పెరిగి నీరు వెనక్కి తంతోంది. రోడ్డు పెరిగిన ఊళ్ళలో ఎక్కువగా జరిగేది రెండోదే.

తూము బయటి మొనని కొలిచి చూడండి. మండువా అడుగు కన్నా బయటి కాలవ నీటి మట్టం కనీసం ఆరంగుళాలు కింద లేకపోతే ఎంత పెద్ద పైపు వేసినా ఉపయోగం లేదు. అప్పుడు నీరు పెరట్లో ఇంకుడు గుంతకో నూతి పక్క గుంతకో మళ్ళించడమే మార్గం. కొత్త పైపు వేసేటప్పుడు ఆరంగుళాలది వేయండి, మలుపు దగ్గర మూత తీసే గది పెట్టండి. తుపాను వానకి గంటకి 150 మి.మీ. కూడా పడొచ్చు, సగం పూడిన నాలుగంగుళాల పైపు దానికి చాలదు.

బందరు_గాలి

రేకు మాట వచ్చింది కాబట్టి. మండువాని పూర్తిగా మూసేస్తే వేడిగాలి పైకి పోయే దారి పోతుంది. పగలు వేడెక్కిన గాలి మండువాలోంచి లేచిపోతుంటే పంచల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది, వేసవిలో ఇల్లు బతికేది దానితోనే. పాలికార్బొనేట్ రేకు వేస్తే ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. తప్పదంటే చూరు కన్నా రెండడుగులు ఎత్తున వేసి, చుట్టూ తెరిచి జాలీ బిగించండి. కోతులు రావు, గాలి పోతుంది. నీరు రేకు అంచులనుంచి మళ్ళీ పెంకుల మీద పడి మూల దోనెల్లోకే పోవాలి కాబట్టి దోనె పని ముందు చేయాల్సిందే.

కోనసీమ ఇల్లంటే తుపాను లెక్క కూడా ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ చూశాయి. గాలి పెంకుని నొక్కదు, పైకి లాగుతుంది. చూరు దగ్గర, కొప్పు దగ్గర ఆ లాగుడు అన్నిటికంటే ఎక్కువ. బంగళా పెంకు అడుగున చిన్న చెవి, దానికో బెజ్జం ఉంటాయి. చూరు నుంచి మూడు వరసలు, కొప్పుకి ఇరుపక్కలా రెండేసి వరసలు ఆ బెజ్జంలోంచి రాగి తీగతో రీపరుకి కట్టాలి. మిగతా కప్పులో మూడు పెంకులకి ఒకటి చాలు. కొప్పు పెంకులు సున్నం, ఇటుక పొడి కలిపిన ముద్దలో కూర్చోబెట్టండి. వాసాలు గోడ మీది పట్టెకి, పట్టె గోడకి మూడడుగుల లోతు దిగే 12 మి.మీ. ఇనుప కమ్మీతో బిగించాలి. పెంకు కట్టి వాసాలు వదిలేస్తే కప్పు మొత్తం ఒక్కసారే లేస్తుంది.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు ఎందుకు గుండ్రంగా, కప్పు దాదాపు నేల తాకేలా కట్టారో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది. గాలికి పట్టుకోవడానికి మూల లేదు, చూరు కింద దూరడానికి సందు లేదు.

మిద్దె_మీద

పెంకుటిళ్ళ వాళ్ళే మాట్లాడుకుంటే ఎట్లా, సీమ మట్టి మిద్దెల గురించి కూడా ఒక మాట. అదీ నీళ్ళ కథే, కాకపోతే తలకిందులు. దూలాలు, దంతెలు, వాటి మీద నాపరాళ్ళు గానీ కంప గానీ, దాని మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌట్లో సోడియం ఎక్కువ, తడిస్తే బంకమట్టి రేణువులు విడిపోయి ఉబ్బి సందులన్నీ మూసేస్తాయి. పైరుకి పనికిరాని మట్టి మిద్దెకి ప్రాణం.

కొంప ముంచేది ఎక్కడంటే, ఏటా వానకి ముందు పాతది గీకకుండా కొత్త చౌడు పోస్తారు. అడుగు మందం అయ్యేసరికి చదరపు మీటరుకి 500 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. అందుకే మూడు నాలుగు రోజులు ముసురు పట్టిన తర్వాతే మిద్దెలు కూలేది. మందం ఆరేడు అంగుళాలకి దించి, గవాచి (వెలుతురు కోసం మిద్దెకి పెట్టే కంత) చుట్టూ గట్టు కట్టి, వాలు పిట్టగోడ తూముల వైపు సరిచేస్తే చాలు. పైన సిమెంటు పూయొద్దు. చౌడు తడికి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, సిమెంటు దానితో కదల్లేక పలకలు పలకలుగా లేస్తుంది.

కైఫీయతు_కాగితం

ఇంటి వయసు తెలుసుకుంటే ఏ భాగం అసలుది, ఏది తర్వాతది అన్నది తేలుతుంది. పెంకు అడుగున అచ్చు చూడండి. బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో, కాబట్టి బంగళా పెంకు ఏదైనా దాని తర్వాతదే. గోదావరి ఆనకట్ట 1852లో, కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవ నీళ్ళు పారి, వరి పండి, చేతిలో డబ్బు ఆడిన తర్వాతే డెల్టా ఊళ్ళలో ఇంత పెద్ద లోగిళ్ళు పెరిగాయి. టేకు కూడా అంతే, దిగువ బర్మా 1852లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక ఓడల్లో తీరానికి ఎక్కువగా చేరింది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్‌ తర్వాత. పల్లె ఇంటి సున్నం గోడ మీద సిమెంటు కనిపిస్తే అది తర్వాతి మరమ్మతు అనే అనుకోవచ్చు. ఇనుప గర్డర్లుంటే నడుమ పట్టీ మీద తయారు చేసిన కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండొచ్చు, రంగు గీకి చూడండి.

లోపలికి వాలే కప్పు మనొక్కరిదే కాదు. కేరళ నాలుకెట్టు, క్రీ.శ. 79లో బూడిద కింద పూడిన రోమను ఊరు పాంపేలోని ఇళ్ళు, అన్నిట్లో నడుమ తెరిచిన చోటు, కింద నీటి గుంట ఉన్నాయి. రోమను వాళ్ళు ఆ నీటిని కింద తొట్టిలో దాచుకునేవాళ్ళు. మనకి వాన ఎక్కువ, అందుకే తూము పెట్టి బయటికి పంపాం.

కోనసీమ_కొబ్బరి

అందరికీ ధన్యవాదాలండి. స్లాబ్ ఆలోచన వదిలేశాం. వరస ఇలా అనుకుంటున్నాం: తూము, బయటి కాలవ, దూలం కొన, మూల దోనెలు, పెంకు, చివర గోడలు. ఇంకొకటి, పూతలో కరక్కాయ, బెల్లం ఎంత వేయాలి? ఏ నెలలో మొదలుపెట్టాలి?

సున్నం_గానుగ

వరస సరిగ్గానే ఉంది, ఒక్క మార్పు. గోడల సిమెంటు చెక్కడం మొట్టమొదటే చేసేయండి, కప్పు పని జరిగే నెలల్లో గోడలు ఆరతాయి.

కరక్కాయకీ బెల్లానికీ మేస్త్రికో లెక్క ఉంటుంది. వంద లీటర్ల నీళ్ళకి గింజ తీసి దంచిన కరక్కాయ రెండు కిలోలు, బెల్లం రెండు కిలోలు వేసి మూడు నాలుగు రోజులు నానబెట్టి, వడకట్టి ఆ నీళ్ళతో కలపండి. ఇది మొదలుపెట్టడానికి లెక్క మాత్రమే. బెల్లం ఎక్కువైతే పూత గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. ముందు గోడ మీద ఒక గజం చోట నమూనా పూసి రెండు వారాలు చూడండి. గోరుతో గీస్తే పొడి రాలితే ఇసుక ఎక్కువ లేదా తడి చాల్లేదు, సాలెగూడులా బీటలొస్తే సున్నం ఎక్కువ లేదా పొర మందం.

పొర అర అంగుళం దాటకూడదు. ఒకటి బిగిశాక ఇంకోటి. తర్వాత రెండు మూడు వారాలు గోనెపట్టాలు కట్టి రోజుకి రెండుసార్లు తడపాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, నెలకి సుమారు ఒక మిల్లీమీటరు లోతుకి. అది జరగాలంటే లోపల కాస్త చెమ్మ ఉండాలి. పెచ్చు ఒకటి విరిచి ఫినాఫ్తలీన్ (పచ్చి సున్నం తగిలితే రంగు మారే ద్రవం) చుక్క వేస్తే, గులాబీ రంగు వచ్చిన మేర ఇంకా పచ్చిదన్నమాట. పూర్తిగా అయ్యేదాకా పైన ప్లాస్టిక్ పెయింటు వేయకండి. ఆ తర్వాత కూడా వద్దు, వెల్లే వేయండి.

బందరు_గాలి

నెల విషయం. సంక్రాంతి వెళ్ళగానే కప్పు విప్పండి, పెంకు పని ఏప్రిల్ కల్లా అయిపోవాలి. మే నెలలో బంగాళాఖాతంలో ఎప్పుడు ఏది లేస్తుందో చెప్పలేం. ఒకేసారి నాలుగు వాలులూ విప్పకండి, ఒక వాలు పూర్తయ్యాకే ఇంకోటి. ప్రతి రాత్రీ విప్పినచోట టార్పాలిన్ కట్టాలి. పూత మే ఎండలో చేస్తే పైపొర ముందే ఆరి బీటలిస్తుంది, జూన్ రెండోవారం నుంచి గాలిలో చెమ్మ ఉన్నప్పుడు లోపలి గోడలతో మొదలుపెట్టండి, బయటి గోడలు వానలు తగ్గాక డిసెంబరులో.

వడ్రంగి_వాడ

జాకీలు మాత్రం పెంకు దించిన తర్వాతే పెట్టండి. బరువు తగ్గిన దూలం తేలిగ్గా లేస్తుంది.